ఆమె చూసి వచ్చేదాకా

దుప్పటికి ఆ కొసన అతను, ఈ కొసన నిదానం. ఇద్దరూ కలిసి ఒక్కసారి విదిలించారు. ఎండకు పెళుసెక్కిన గుడ్డ టపటపమని కొట్టుకుని బిగుతుగా సాగింది. నిలువునా ఒక మడత, దాని మీద ఇంకొకటి. తర్వాత ఎదురెదురుగా నడిచి అంచులు కలిపారు. అతని చేతిలోని అంచు కూడా తనే అందుకుని, మడతను పొట్టకు ఆనించి చదును చేసి, గుట్ట మీద పెట్టింది నిదానం. తీగ మీంచి ఇంకో దుప్పటి లాగింది.

"ఏమే నిదానం! కాస్త పక్కకు జరగవే. వీళ్ళ ఫోన్లకు నువ్వు అడ్డొస్తున్నావట!"

ఎదురింటి టైలరమ్మ కేక అది. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటుంది కాబట్టి వీధిలో ఏం జరిగినా ముందు ఆమె కళ్ళబడాల్సిందే. కింద వీధిలో పదీ పన్నెండు మంది మెడలు ఎత్తి డాబా మీదికి ఫోన్లు పట్టుకుని ఉన్నారు.

"మీకేం పనీ పాటా లేదటయ్యా? దుప్పటి మడతపెట్టడం ఎప్పుడూ చూడలేదా? మీ ఇళ్ళలో ఉండలు చుట్టి పడేస్తారా ఏం?" అని వాళ్ళ మీదికి తిరిగింది టైలరమ్మ. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫోన్లు మాత్రం దిగలేదు.

నిదానం కిందికి చూడలేదు. చూస్తే ఆ చూపు కూడా సాయంత్రానికి ఊరూరా తిరుగుతుందని ఈమధ్యే తెలిసింది. నిన్న ఎవరో ఎదురు మేడ ఎక్కి, ఇద్దరూ అంచులు కలిపే క్షణాన్ని పట్టుకున్నారు. "చెల్లెలి జాడ తెలియలేదు, అక్క చెయ్యి పట్టుకున్నాడు" అని రాసి వదిలారు. దాన్ని చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారట. దుప్పటిని ఒక్కరూ చూసినట్టు లేదు.

లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఇస్త్రీ చేసి పంపడం ఆ ఇంటి పని. కింద గదిలో రెండు పెద్ద మిషన్లు, నడిమి గదిలో ఇస్త్రీ బల్ల, పైన డాబా నిండా తీగలు. తల్లి మిషన్ల దగ్గర, పెద్దకూతురు బల్ల దగ్గర. ఏ పనికీ కంగారుపడని పిల్ల కాబట్టి పెద్దదాన్ని తల్లి నిదానం అని పిలిచేది. చిన్నది బొంగరం. ఏడాదిలో అది ఇంట్లో ఉండే నాలుగు నెలలూ దుప్పటి ఆ కొస దానిదే. మిగిలిన ఎనిమిది నెలలూ ఏ కొండ మీద తిరుగుతోందో, ఏ సముద్రం పక్కన పడుకుందో, ఫోను మోగితే తప్ప తెలిసేది కాదు.

రెండేళ్ళ కిందట అలాంటి తిరుగుడు నుంచే అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. గోడలకు రంగులు వేసేవాడు. ఎంత పొడుగంటే గుమ్మం కింద తల వంచక తప్పదు. "పెళ్ళి సంగతి తర్వాత చూసుకుందాం, ముందు వదినా అని పిలువు, నోటికి అలవాటవుతుంది" అని బొంగరమే నేర్పింది. అతను చెవులదాకా ఎర్రబడి, గోడ వైపు చూస్తూ "వదినా" అన్నాడు. ఆ రోజు తల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఆ తల్లి అతనితో మాట్లాడదు. బొంగరం కనిపించకుండా పోయాక, పోలీసులు వెళ్ళమన్నాక, అతను దాని సంచి భుజాన వేసుకుని నేరుగా ఈ ఇంటికే వచ్చాడు. అతనికి సొంతవాళ్ళంటూ ఉన్న ఒక్క మేనమామా టీవీ ముందు నిలబడి "వాడికీ మాకూ ఏ సంబంధమూ లేదు" అని చేతులు దులుపుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అతన్ని తల్లి పైనుంచి కిందిదాకా చూసింది. "ఇక్కడే ఉండు. నా కళ్ళెదుట ఉండు" అంది. అంతే. ఆ తర్వాత మాట లేదు. వేళకు కంచం పెడుతుంది, అతను తినేదాకా గడపలో కూర్చుంటుంది. అది ఆదరణో కాపలాయో నిదానానికి అంతుపట్టలేదు. తల్లికైనా తెలుసో లేదో.

జరిగిందని లోకానికి తెలిసింది ఇంతే. బల్లపరుపు నేల మీద మామూలుగా పారుతూ వచ్చే ఒక నది, ఉన్నట్టుండి నేల విచ్చుకున్న చోట లోపలికి పడిపోతుంది. అడుగు కనిపించదు. అవతలి గట్టు ఆవిరిలో మసకగా ఉంటుంది. ఆ అంచు చుట్టూ నడవాలంటే రోజంతా చాలదు. దాన్ని చూడాలని ఇద్దరూ వెళ్ళి, కాస్త దూరంలో గుడారం వేసుకున్నారు. తెల్లవారుజామున బొంగరం ఒక్కతే బయల్దేరింది. మళ్ళీ రాలేదు. అతను పోలీసులకు చెప్పింది మర్నాడు మధ్యాహ్నం.

అక్కడే పట్టుకున్నారు జనం. "పిల్ల కనబడకపోతే గంటలో ఊరంతా ఏకం చేస్తారే, ఒక పగలూ ఒక రాత్రీ ఏం చేస్తున్నాడు?" దానికి పోలీసుల ముందు అతను చెప్పిన జవాబు, "వస్తుందని కూర్చున్నాను." ఆ మాటకు నవ్వనివాడు లేడు.

అది చాలదన్నట్టు ఆ దృశ్యం ఒకటి. వెతికే బృందంతో పాటు అతన్ని కూడా అంచు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఎవరో ఫోనులో తీశారు. తాళ్ళు నడుముకు కట్టుకున్నవాళ్ళు, పోలీసులు, విలేకరులు, అందరూ లోపలికి తొంగి చూస్తున్నారు. అతనొక్కడే అగాధానికి వీపు పెట్టి, తల దించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఇన్స్పెక్టరు భుజం పట్టి తిప్పబోతే విదిలించుకున్నాడు. ఇంకేం కావాలి? "వెనక్కి తిరిగినవాడు" అని పేరు పెట్టేశారు. ముఖం చూసి మనసు చెప్పేస్తానని ఒకాయన ఫోన్లో రోజూ అతని కనుబొమ్మల మీద గంటసేపు మాట్లాడతాడు. తను తోసిన చోటును తనే చూడలేకపోయాడని తేల్చేశాడు. లాడ్జీ మేనేజరు దుప్పట్ల మూట దించుకుంటూ, "పాపం పిల్ల" అంటూనే, "ఇంతకీ మీ ఇంట్లో రాత్రిళ్ళు తలుపులు వేసుకుంటున్నారా?" అని నిదానాన్ని అడిగాడు.

నిదానం కూడా ఆ దృశ్యం చూసింది. ఒకసారి కాదు. ముఖం చూసింది, భుజాలు చూసింది, పిడికిళ్ళు చూసింది. ఒకరోజు వాటన్నిటి వెనక ఉన్నది కళ్ళబడింది. నేల లోంచి తెల్లటి ఆవిరి స్తంభంలా లేచి, ఆకాశంలో మేఘంగా విచ్చుకుంటోంది. కింద నిలబడ్డ మనుషులు దాని ముందు గోడ మీది చీమల్లా ఉన్నారు. ఇంత పెద్దదాన్ని పక్కన పెట్టుకుని ఇన్ని లక్షల మంది ఒక మనిషి కనుబొమ్మలు చూస్తున్నారా? మరి దాన్నే చూడాలని అంతదూరం వెళ్ళినవాడు దానికి వీపు ఎందుకు తిప్పాడు?

ఈ ప్రశ్న ఆమె లోపల రాయిలా పడి ఉంది. దుప్పటి కొస అతని చేతికి ఇచ్చే ప్రతిసారీ కదిలేది.

ఆ సాయంత్రం ఇన్స్పెక్టరు ఫోను చేశాడు. తల్లి మాట్లాడింది. అటునుంచి వచ్చేవన్నీ "ఊఁ"లతోనే విని పెట్టేసింది. తర్వాత మిషను తలుపు తెరిచి, తడి దుప్పట్లు బుట్టలోకి లాగుతూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "ఎల్లుండితో వెతకడం ఆపేస్తారట. అంత చుట్టుకొలతలో ఏ మూలని దిగుతామమ్మా, ఎక్కడినుంచని మొదలుపెడతాం అంటున్నాడు." అని బుట్ట ఎత్తుకుని డాబా మెట్లెక్కింది.

నడిమి గదిలో అతను గలీబుల మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. నిదానం ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, మీట ఆపేసింది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

అతను చిలకరించడం ఆపాడు.

"ఆ రోజు అటెందుకు చూడలేదు?"

అతను తడి చేతులు తుడుచుకున్నాడు. "చెబితే నవ్వుతారు వదినా. ఇన్స్పెక్టరుకు చెప్పబోయాను. మొదటి మాటకే నవ్వాడు. ఇక చెప్పలేదు."

"నేను నవ్వే మనిషినా? నన్ను చూసి అందరూ నవ్వడమే గానీ."

అతని పెదవి ఒక పక్కకు కదిలింది. తర్వాత చెప్పాడు.

ఈ ఇంటికి వచ్చి వెళ్ళాక మొదటిసారి ఇద్దరూ కలిసి చూసింది సముద్రం. కొండ మలుపు తిరగ్గానే కింద నీలంగా పరుచుకుంది. అతను ఆగలేక, "మీ ఇంట్లో పెద్ద దుప్పటి ఆరేసినట్టుంది కదూ" అన్నాడు. బొంగరం అక్కడే కూలబడి బోరుమంది. "ఎందుకన్నావు? ఎందుకన్నావు ఆ మాట? ఇప్పుడు నాకు దుప్పటే కనిపిస్తోంది! ఇంత దూరం వచ్చి నేను మా డాబా చూస్తున్నాను!" అని అతని వీపు మీద గుద్దింది. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఒక నియమం పెట్టింది. ఏదైనా గొప్పది చూడాలంటే ఒకరి తర్వాత ఒకరు వెళ్ళాలి. ముందు వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి నోరు విప్పకూడదు. ముఖం కూడా దాచుకోవాలి. రెండోవాళ్ళు చూసి వచ్చాకే మాటలు. "నా చూపు నీ కంటికి అంటకూడదు, నీ చూపు నాకు అంటకూడదు" అనేది.

"ఒకసారి ఇసుక ఎడారిలో దాని వంతు ముందు వచ్చింది. చీకటి పడినా రాలేదు. నాకు భయమేసి లైటు పట్టుకుని వెళ్ళాను. ఇసుక మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తోంది. నా లైటు పడగానే, అరవలేదు వదినా, అరిచినా బాగుండేది. 'తుంచేశావు' అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ మధ్యలో రానని మాటిచ్చాను."

"అందుకని ఈసారి..."

"అందుకని ఈసారి కూర్చున్నాను. పొద్దుగూకింది. చూస్తోందిలే అనుకున్నాను. తెల్లారింది. ఇంత పెద్దది కదా, తనివి తీరలేదేమో అనుకున్నాను. గుడారంలోకి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేల అడుగున ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. నేను దానికి కూడా చెవులు మూసుకున్నాను, నా వంతు పాడవుతుందని." అతని చేతులు మళ్ళీ చెవుల దాకా లేచి దిగాయి. "పిచ్చివాడిలా చెవులు మూసుకుని కూర్చున్నాను వదినా. పిలిచిందేమో. నాకు తెలీదు."

నిదానం బల్ల అంచు పట్టుకుంది. లోకమంతా ఒక హత్యను వెతుకుతోంది. ఇక్కడ ఉన్నది మాట తప్పకూడదని చెవులు మూసుకుని కూర్చున్న ఒక మనిషి. ఇంత పెద్ద తప్పు ఇంత ప్రేమగా చేయగలవాళ్ళు ఈ ఇద్దరూ తప్ప ఇంకెవరైనా ఉంటారా అనిపించింది.

"మరి అంచు దగ్గర?"

"అది ఇంకా వచ్చి నాకు వంతు ఇవ్వలేదు కదా. నేను చూసేస్తే..." అతను ఆగాడు. "నేను చూడనంతవరకూ దాని వంతే నడుస్తోంది. అది ఇంకా చూస్తూనే ఉంది."

కింద రెండో మిషను తిరుగుతూనే ఉంది.

"ఇద్దరూ చూశాక ఏం మాట్లాడుకునేవాళ్ళు?" అని మెల్లగా అడిగింది నిదానం. ఎందుకు అడిగిందో ఆమెకే తెలీదు. చెల్లెలి గురించి ఇంకో మాట వినాలనిపించింది, అంతే.

"ముందు ఎక్కడ నిలబడ్డామో చెప్పుకునేవాళ్ళం. అదొక ఆట. విరిగిన రాయి మీద కూర్చున్నావా అంటే కూర్చున్నాననేది. వంగిన చెట్టు దాటి, గడ్డి ఉన్న చోట పడుకున్నావా అంటే అవుననేవాణ్ణి. ఎంత పెద్ద చోటైనా సరే, వెళ్ళి వెళ్ళి ఇద్దరం ఒకే చోట నిలబడేవాళ్ళం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎందుకో మాకు తెలిసేది కాదు. భయంగా కూడా ఉండేది."

నిదానం కళ్ళ ముందు ఆ ఆవిరి స్తంభం, రోజంతా నడిచినా తరగని ఆ అంచు. ఎక్కడినుంచి మొదలుపెడతాం అంటున్న ఇన్స్పెక్టరు మాట.

"అయితే నువ్వు వెళ్ళి చూస్తే..."

"తెలుస్తుంది." అతను ఆమె మాట పూర్తికానివ్వలేదు. "తెలుస్తుందనే భయం."

మెట్ల మీద బుట్ట దించిన చప్పుడైంది. ఖాళీ బుట్ట. తల్లి ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో. గదిలోకి వచ్చి బల్లకు అటువైపు నిలబడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి అతని ముఖంలోకి చూసి మాట్లాడింది.

"దాని చిన్నప్పుడు వడగళ్ళ వాన పడింది. ఇది బడికి వెళ్ళింది." అని నిదానం వైపు గడ్డంతో చూపించింది. "నేను దాన్ని చంకన వేసుకుని గుమ్మంలోకి పరుగెత్తాను. అదిగో చూడమ్మా అని చెప్పబోతే, నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. వాన వెలిసేదాకా తియ్యలేదు. ఇంతింత కళ్ళు చేసుకుని చూస్తూనే ఉంది. బుల్లి చెయ్యి, తడిగా... నేను ముక్కుతోనే ఊపిరి తీసుకున్నాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయమా అది?"

తల్లి కళ్ళు తుడుచుకోలేదు, వాటిని అలాగే ఉండనిచ్చింది.

"నువ్వు అబద్ధం చెప్పడం లేదు" అంది.

అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అంత పొడుగు మనిషి అంత చిన్నగా అయిపోవడం నిదానం ఎప్పుడూ చూడలేదు. తల్లి బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదురుగా చతికిలబడింది.

"ఇంకో మాట కూడా విను. రేపు నువ్వు అంత పెద్ద అంచు మీద సరాసరి ఒక చోటికి నడిచివెళ్ళి, ఇదీ చోటు అన్నావనుకో. అక్కడ అది దొరికిందనుకో. జనం ఏమంటారో తెలుసా?"

"తెలుసండి. వాడికి ముందే తెలుసు అంటారు."

"నీ మెడకే చుట్టుకుంటుంది. వంతులు, నియమాలు అంటే వినేవాడు ఉండడు. నేను విన్నాను, నేను దాని తల్లిని గనక. వాళ్ళు వినరు."

"తెలుసండి అత్తయ్యా."

"దొరక్కపోతే?"

అతను అరచేతులు చూసుకున్నాడు. "అయినా నేను చూసేసినట్టే కదండీ. ఇక వంతంటూ ఉండదు."

నిదానం ఆ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. వెళ్తే అతను పోతాడు. వెళ్ళకపోతే చెల్లెలు ఆ లోతుల్లో ఎవరికీ అందకుండా ఉండిపోతుంది. వెళ్ళమని ఏ నోటితో అంటారు, వద్దని మాత్రం ఏ నోటితో అంటారు? కింద మిషను ఆగిపోయింది. లోపల దుప్పట్లు అలాగే ఉన్నాయి. తియ్యడానికి ఎవరూ లేవలేదు.

పొద్దున నిదానం లేచేసరికి అతను ముందు గదిలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. గడ్డం గీసుకున్నాడు. రంగు మరకలు లేని చొక్కా వేసుకున్నాడు. ఎవరో గొప్పవాళ్ళను చూడబోయే మనిషిలా ఉన్నాడు. బయట వీధిలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. కిటికీ సందులోంచి చూస్తే, మైకు పట్టుకున్న అమ్మాయి జుట్టు సర్దుకుంటోంది. టైలరమ్మ ఆమెతో, "ఇక్కడ కాదమ్మా, ఆ గేటు పక్కన నిలబడు, నా కిటికీకి వెలుతురు రానివ్వు" అంటోంది.

"వెనక సందులోంచి పో" అంది నిదానం.

"వద్దు వదినా. ఎలాగూ తెలుస్తుంది."

"అయితే నేనూ వస్తాను. నువ్వు ఎలా నడిచావో, ఎక్కడెక్కడ ఆగావో, ఎలా కనుక్కున్నావో నేను చూసి చెబుతాను. సాక్షి ఒకరుంటే..."

అతను తల అడ్డంగా ఊపాడు. "మీరు పక్కనుంటే మాట్లాడకుండా ఉండలేరు. జాగ్రత్త అంటారు. అటు పోకు అంటారు. ఒక్క మాట పడితే నాకు ఆ చోటు తెలీదు. చూసేటప్పుడు నా కంట్లో నేనొక్కడినే ఉండాలి."

అది నిజమే. తను జాగ్రత్త అనకుండా ఉండలేదు. పుట్టినప్పటి నుంచీ చెల్లెలితో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే. నిదానం అతన్ని చూస్తూ నిలబడింది. ఈ మనిషి నడిచి వెళ్ళి తన కళ్ళతో తనే తన మెడకు ఉరి వెతకబోతున్నాడు. ఒకవేళ బొంగరమే ఇక్కడుండి, ఇతను అక్కడ ఉండిపోయి ఉంటే, అదీ ఇలాగే తాళ్ళు బిగించుకునేది. అనుమానం లేదు. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఏడుపు రాలేదు. అంతకన్నా పెద్దదేదో గుండె నిండా పట్టి, ఏడుపుకు చోటు లేకపోయింది.

లోపలి గది తలుపు తీసిన చప్పుడైంది. తల్లి వచ్చింది. పనిలో కట్టుకునే తడి గుడ్డ నడుముకు లేదు. ఇస్త్రీ చీర కట్టుకుంది. కాళ్ళకు మడమలు కప్పే పాత తోలు చెప్పులు, భుజాన ఒక చిన్న సంచి. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. నిదానం "అమ్మా, నువ్వెక్కడికి?" అనబోయింది. తల్లి ఆమె వైపు ఒక్క చూపు చూసింది. నిదానం నోరు దానంతట అదే మూసుకుంది.

తల్లి అతన్ని దాటుకుని వెళ్ళి ముందు తలుపు గడియ తీసింది. వెలుతురు ఒక్కసారిగా గదిలోకి పడింది. ఫోన్లు అన్నీ లేచాయి. మైకు అమ్మాయి "అమ్మా, ఒక్క మాట, ఒక్క మాట చెప్పండమ్మా" అంటూ ముందుకు దూకింది. తల్లి మెట్లు దిగింది. నలుగురైదుగురు దారిలో నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళను తొయ్యలేదు, తప్పుకోమని అడగలేదు. నడుస్తూనే ఉంది. వాళ్ళంతట వాళ్ళే పక్కకు జరిగారు. వీధి మధ్యకు వెళ్ళి, అతను తలుపు దాటి, తల వంచి, తన ముందుకు వచ్చేదాకా ఆగింది. అతను నాలుగడుగులు ముందుకు నడిచాక, అంతే దూరంలో వెనక నడవడం మొదలుపెట్టింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె పెదవులు కదల్లేదు.